తొమ్మిదో మలుపు

జియు లోయలో, నేలకి నాలుగు వందల మీటర్ల కింద
గాలిని కొలవడం నా ఉద్యోగం.
చేతిలో పిల్లల గాలిపంకా లాంటి అనిమోమీటర్,
జేబులో స్టాప్‌వాచ్,
ఏ సబ్బుకీ లొంగని గోళ్లు.

"సవేతా, ఇవాళ ఎంత?" అంటాడు లాజర్
పాలు పోయించుకునే వాడిలా.
తక్కువే లాజర్. మొన్నటికంటే తక్కువే.
తొమ్మిదో మలుపు దాటేసరికి
గాలికి ఆయాసం వస్తోంది.

అక్కడ దారి ఇరుకు.
ఓ మనిషి, ఓ బొగ్గు తొట్టి, అంతే.
గోడంతా పలుగు కొరికిన రాయి.

నింపాదిగా నడిచే గాలిని గోడ ఏమీ అడగదు.
సమ్మెలో ఫ్యాను ఆగిన రాత్రి చూశాను:
నేను వదిలిన పొగ
దారం ఉండలోంచి జారినట్టు
గరుకు రాళ్ల పక్కనుంచే తెగకుండా పోయింది.
పరుగెత్తించామా,
ప్రతి గుబ్బా సుంకం చెయ్యి చాస్తుంది.
గోరంత బొడిపె వెనక కొండంత సుడి.
గాలి రెండింతలు కావాలంటే
ఫ్యానుకి ఎనిమిదింతల మేత.

"నున్నగా మెత్తేద్దాం," అన్నాడు ఇంజనీరు చెర్నాట్,
పెట్రోషాని నుంచి కొత్త బూట్లతో దిగి.

ఆ గోడ కొట్టినవాళ్లలో మా నాన్న గవ్రిల ఉన్నాడు.
ఎడమచేతి వాటం.
అందరి గాట్లూ ఒకవైపు వాలితే
పదకొండు మీటర్ల మేర ఆయనవి ఎదురు వాలతాయి.
ఇంట్లో ఆయన పలికిన మాటలకంటే
ఇక్కడి గాట్లే ఎక్కువ.
మిగతాదంతా దగ్గు.

అవతల కొసన పద్నాలుగు మంది.
వాళ్ల ఊపిరిలోంచి పిసరు పిసరు
మా నాన్న గాట్లు గుంజుకుంటున్నాయని
నా చేతి లెక్కే చెప్పింది.
రెండుసార్లు కూడాను. మూడోసారీ.
సంతకం పెట్టాను.

మూడు రాత్రులు సిమెంటు చిమ్మారు.
ఫ్యాను గొంతు దిగింది, గుర్రుమనడం మానింది.
అనిమోమీటర్ రెక్కలు కనపడనంత తిరిగాయి.
లాజర్ టోపీ తీసి నెత్తి గోక్కుని
"చలేస్తోందే!" అన్నాడు, అదే పొగడ్త.

అయినా ఎంత నున్నటి గోడైనా
దాన్ని ఆనుకున్న ఆఖరి గాలి పొర కదలదు.
పుస్తకంలో అక్కడ వేగం సున్నా.
ఒక్కోసారి అక్కడ వేలు ఆనించి నిలబడతాను
పని ఉన్నట్టు.

ఇంకోటి.
టెలిఫోను పెట్టె విప్పడం బద్ధకమై
దాని వెనక జానెడు గోడ వదిలేశారు పనివాళ్లు.
ఎదురు వాలిన గాట్లు, నాలుగు.
తనిఖీకి వచ్చాను, చూశాను.
గరుకు గడిలో మాత్రం
ఆ జానెడు రాయలేదు.