మేజోడు కుక్కిన బ్యూగిల్
(ఫెదర్‌స్టన్ సైనిక శిబిరం, న్యూజీలాండ్, నవంబరు 1918)

పెట్టె కదిలినప్పుడల్లా ఊదేవాణ్ణి.
మంచాల మీదివాళ్లు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారని
డాక్టర్ ట్రెగియర్ ఆపించాడు.
చేతికి బకెట్టు ఇచ్చాడు.

అప్పటినుంచి ఊపిరి వినడమే పని.
గొర్రెల బొచ్చు కత్తిరించే విరేము ఛాతీలో
తడిగోనె ఈడ్చిన చప్పుడు.
పెదవులు నేరేడు రంగుకు తిరిగితే
పొద్దుటికి పరుపు ఎండలో వేయాలని
నాకెవరూ నేర్పలేదు.

పదకొండో తేదీన మళ్లీ ఊదమన్నారు.
కొండగాలి కప్పురేకులు పీకుతోంది.
గొట్టంలో మేజోడు కుక్కి
మెల్లగా, సగమే ఊదాను.

తొమ్మిదో వార్డులో విరేము కళ్లు తెరిచాడు.
"ఈసారి ఎవరు?"

యుద్ధం, అన్నాను.

దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు.
"పాపం,
ఏ ఊరివాడు?"