నలభై డిగ్రీల గది

నక్కలగుట్టలో మూడో అంతస్తు.
బయట పుష్యమాసం చలి, లోపల రోహిణి కార్తె.
తలుపు తీయగానే
కళ్లద్దాలకు మబ్బు పట్టింది.

అబద్ధమెందుకు, మొదటి వారం బాగుంది.
బ్యాంకు కుర్చీలో ఇరవై ఏళ్లు పేరుకున్న నడుము
నెయ్యిలా కరిగి వంగింది.
రెండేళ్ల తర్వాత నా చెయ్యి
నా వీపు మీది హుక్కును అందుకుంది.
ఆ రాత్రి మాత్ర లేకుండా నిద్ర.

తొమ్మిదో రోజు
ఒంటికాలి మీద నిలబడి అద్దంలో చూసుకుంటుంటే
అద్దమే పక్కకు ఒరిగింది.
చెవుల్లో కాజీపేట జంక్షన్.
"ఊపిరి, ఊపిరి" అంటోంది చిత్రలేఖ మేడమ్,
ఎవరికో, దూరంగా.

కళ్లు తెరిచేసరికి తల ఓదెమ్మ ఒడిలో.
నేల తుడిచే బట్ట పక్కన పడేసి
తన డబ్బాలోని అంబలి తాగిస్తోంది, ఉప్పేసి.
"బీపీ గోలీ ఏసుకున్నవా బిడ్డా?"
వేసుకున్నాను.
చేరేటప్పుడు ఫారంలో మాత్రం రాయలేదు.

"మా ఆయన గోదారిఖని బొగ్గుబాయిల
గింత ఉడుకులనే పన్జేసిండు.
ఆయనకు వాళ్లు పైసలిచ్చిన్రు.
మీరేందమ్మా, ఎదురు పైసలిస్తున్రు!"
నవ్వబోతే వాంతొచ్చింది.

మానలేదు. గురువారం ఒక్కరోజే వెళ్తున్నా.
తలుపు పక్కనే చాప, చెంబెడు నీళ్లు,
అందరూ వంగుతుంటే మధ్యలో కూర్చుండిపోతా.
వేడిలో కండరం గొప్పలు పోతుంది,
ఇంకా సాగుతా, ఇంకా సాగుతా అని.
దాని మాట వినను.
మణికట్టు మీద వేలు పెట్టి
నోట్ల కట్టలా లెక్కపెడతా,
ఒకటికి రెండుసార్లు.