నూరు సీసీ

ఖాజాగూడ ఎత్తుల
యాభై ఐదు దాటనంది బండి.
ఎనక కార్ల లైట్లు వీపుల పొడుస్తున్నయి.
సంచిల ఎవరిదో బిర్యానీ చల్లారుతుంది.
యాక్సిలేటర్ గొంతు పిసికినట్టు తిప్పిన.
అరుపు పెరిగింది,
అరుపొక్కటే.

తెల్లారి పుత్లీబౌలీల సత్తార్ భాయ్‌తోని అన్న:
పెద్ద జెట్టెయ్యి, సైలెన్సర్ కొయ్యి,
ఏం జేస్తవో నాకు తెల్వది, ఎనభై దాటాలె.

జవాబియ్యలే ఆయన.
పక్క హోటల్‌కెల్లి వచ్చిన చాయ్ కప్పు
నా చేతుల పెట్టిండు.
"నీ ఇంజన్ల జాగ గింతే బేటా.
గీ కప్పుకు పట్టేంత గాలి,
దాంట్ల మంచు తుంపరంత పెట్రోలు.
ఒక్కో దెబ్బకు నీ బండి తినేది గదే."

మరి జల్ది జల్ది తినిపిద్దాం, అన్న.

"గొంతు సన్నది.
నిమిషానికి నాలుగు వేల సార్లు ఊపిరి గుంజుతది.
ఇంకా ఉరికిస్తే
సగం కప్పుకే తలుపు పడ్తది."

రేకు డబ్బాకెల్లి ఒక వాల్వు దీసిండు.
మెడ వంగిన పుట్టగొడుగు లెక్కుంది.
"మలక్‌పేట పోరనిది. రాత్రిపూట పందేనికి తోలిండు.
తలుపు తెరిచేతందుకు క్యామ్ ఉంది,
మూసేతందుకు స్ప్రింగొక్కటే.
స్ప్రింగు టైం స్ప్రింగుకుంటది.
అది మూసే లోపట్నే పిస్టన్ మీదికొచ్చింది."
వాల్వును మళ్ల డబ్బాల ఏసిండు.
పోరడు ఏమయిండో
నేనడగలే.

టాపెట్ మూత ఇప్పుకుంట
తనల తనే అనుకున్నట్టు అన్నడు:
"పిస్టన్ ఉరుకుతదనుకుంటరు అందరు.
అది ఆగుతది.
మీదికి వోయి ఒకపారి, కిందికొచ్చి ఒకపారి.
నిమిషానికి పదహారు వేల సార్లు ఆగి, మళ్లి, మళ్ల ఎత్తుకోవాలె.
ఉరుకుడుకు ఇరగదు ఇనుము,
మళ్లుడుకు ఇరుగుతది.
కనెక్టింగ్ రాడ్ నడుమునడుగు, చెప్తది."

సన్న రేకు దూర్చి సందు సరిజేసిండు,
వెంట్రుకంత.
నూట ఇరవై తీసుకున్నడు.
జెట్టు ముట్టలే.

పొద్దుగూకంగ నానక్‌రామ్‌గూడ, అయిదో అంతస్తు.
లిఫ్టు మాకు కాదని బోర్డు రాసున్నది.
ఎక్కిన. తలుపు కాడ ఆగిన.
లోపలికెల్లి ఒక చెయ్యి వచ్చింది, నాలుగంకెలు చెప్పింది,
సంచి దీసుకుంది.
మళ్లిన.
మూడో అంతస్తు మలుపుల మోకాలు కలుక్కుమంది.
ఇయ్యాల ఇది ఎన్నో మళ్లుడో
లెక్కబెట్టబోయి ఇడిసిపెట్టిన.

కిందికొచ్చేసరికి బండి ఇంకా
టిక్కు టిక్కుమంటుంది, చల్లబడుకుంట.
రెక్కల మీద చెయ్యి పెట్టిన, చురుక్కుమంది.
జేబుల ఫోను మోగుతుంది:
ఏడు కిలోమీటర్లు, పద్దెనిమిది నిమిషాలు.
కిక్కు మీద కాలు పెట్టిన.

కొట్టలే.
ఇంకొన్ని టిక్కులు పోనియ్యి.