పెద్దాసుపత్రికి ఒకటి

ఎమ్మిగనూరు డిపో, కర్నూలు సర్వీసు, పొద్దున ఐదూ నలభై.
పదమూడేండ్లుగా కండక్టరును.
కండ్లు మూసుకున్నా
గుంతను బట్టి ఊరి పేరు చెప్తాను.

మొదట పోయింది నిద్ర కాదు, ఉగ్గాని రుచి.
కోడుమూరు స్టాండులో దస్తగిరన్న తింటుంటే నేనూ తిన్నా.
తడిసిన కాగితం నమిలినట్టుండె.
"బజ్జీలో కారం తక్కువైందన్నా" అన్నా.
ఆయన కండ్లలో నీళ్లు కారుతుండె, కారానికి.

తర్వాత మూడు గంటల మెలకువ.
ఏ పనీ చెప్పకుండా లేపి కూచోబెట్టే మెలకువ.
దువ్వెన దాకా చెయ్యి లేచేది కాదు.
మూడు రోజుల జడకే పిన్నులు గుచ్చి డ్యూటీకి పోయినా.

ఏడుపన్నా వచ్చుంటే బాగుండు,
ఏడ్చేటోళ్లను జనం గుర్తుపడతారు.

"గాలి సోకింటాది" అనింది మా అత్త.
ఉరుకుందకు పోయొచ్చినాం.
ఈరన్న ముందర గంటసేపు కూచున్నా, చల్లగా ఉండె.
దేవుని తప్పేం లేదు.
ఇంటికొచ్చినాక మళ్లీ మూడు గంటలైంది.

"లీవు పెట్టు" అనిరి డిపోలో. పెట్టినా.
నాలుగు రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నా.
సున్నం పెచ్చు లేచినచోట గొర్రె ఒకటుండె.
దాన్నే చూసినా.

బాకీ చిల్లర మర్చిపోయేదాన్ని కాదు నేను.
ఆ నెలలో ఒక ముసలాయన గంజిహళ్లిలో దిగి
యాభై రూపాయల కోసం బస్సు వెంట పరిగెత్తినాడు.
అద్దంలో దస్తగిరన్న చూసినాడు. నేనూ చూసినా.
చూసి, రైట్ రైట్ అన్నా.

ఆ రాత్రే వచ్చిందా ఆలోచన,
టికెట్టు లేకుండా ఎక్కి వెనక సీట్లో కూచున్నట్టు.
నువ్వు లేకుంటే ఇల్లు తేలికపడతాది, అనింది.
గొంతు పెంచలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.
భయం కూడా రాలేదు నాకు.
భయం రాలేదని మాత్రం కొంచెం భయమేసింది.
ఆ కొంచెమే నా చేతిలో మిగిలిన చిల్లర.

కర్నూలులో ప్రతి ట్రిప్పుకూ ఎవరో ఒకరు అడుగుతారు:
"అమ్మా, పెద్దాసుపత్రికి ఎట్ల పోవాల?"
నిండు చూలాలు, చెయ్యి విరిగిన పిల్లోడు,
ఎక్స్‌రే కవరు ఎండకు అడ్డం పెట్టుకున్న అవ్వ.
"బయట షేరాటో ఉంటాది. కిటికీ కాడ చీటీ అడుగు, సిగ్గుపడొద్దు."
ఎన్ని వేలమందికి చెప్పింటానో.

ఆ పొద్దు ఎవరూ అడగలేదు.
బస్సు ఖాళీ అయింది. దస్తగిరన్న ఇంజను ఆపి,
నా దిక్కు తిరగకుండానే అన్నాడు:
"సుంకులమ్మా, మా తమ్మునికీ ఇట్లే ఉండె.
సోమరితనమనుకొని తిట్టినా నేను."
ఆ తమ్ముడు ఇప్పుడు యాడుండాడో
నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

షేరాటో ఎక్కినా.

కిటికీలో పిల్ల "ఏం జబ్బు?" అనింది.
కడుపునొప్పి అనబోయి,
"మనసు" అన్నా.
తలెత్తకుండా రూమ్ నంబరు రాసిచ్చింది.
వెనకామె "జరుగమ్మా" అనింది. అంతే.

"ఎన్నాళ్ల నుంచి?" అనింది డాక్టరమ్మ.
"ఉగ్గాని రుచి పోయినప్పటి నుంచి."
నవ్వలేదు. రాసుకుంది.
"చచ్చిపోవాలనిపించిందా?" అనడిగింది,
యాడ దిగాల అన్నంత మామూలుగా.
వెనక సీటు సంగతి మొత్తం చెప్పినా.

మాత్రలు వెంటనే పనిచెయ్యవనింది. నిజమే, చెయ్యలేదు.
ఇది ఆరో వారం. నిద్ర నాలుగున్నర దాకా వస్తాంది.
నిన్న బజ్జీ కొరికితే నాలుక కొసన యాడో
సన్నగా మండింది. మళ్లీ కొరికినా.

ఎక్కేటోళ్ల ముఖాలు చూస్తుండా ఇప్పుడు.
యాభై రూపాయల నోటొకటి బ్యాగులో విడిగా పెట్టినా.
గంజిహళ్లి ముసలాయన
ఇంకా ఎక్కలేదు.