రెండు ఫోన్లలో ఒకే కోడి

హర్మటాన్ గాలి దిగే నెలల్లో
జోస్ పట్నంలో ఎవరి ఫోను విప్పినా
లోపల ఒకటే ఎడారి దుమ్ము.

నా పేరు చుందుంగ్. స్క్రూడ్రైవరు నా ఆరో వేలు.
చర్చి గంట ఎడమ చెవినీ అజాన్ కుడి చెవినీ తాకే చోట
నా రేకుల కొట్టు.
మా నాన్న రోజుల్లో ఇది వట్టి వీధి.
రెండుసార్లు తగలబడ్డాక
దీనికి హద్దు అని పేరొచ్చింది.
ఇటువాళ్లు అటుపోయారు, అటువాళ్లు ఇటొచ్చారు,
చార్జరు చెడితే మాత్రం
అందరూ నా దగ్గరికే.
తెరమీద మరియమ్మ ఉన్నా, మక్కా ఉన్నా
బ్యాటరీ ఉబ్బితే ఉబ్బినట్టే.

ఆ మంగళవారం తలాటు వచ్చింది,
మూలమీద కోసాయ్ వేయించి అమ్మే మనిషి.
"స్పీకరు గొణుగుతోంది, చూడు."
చివరగా వచ్చిన వాయిస్ నొక్కాను.
ఎవడో ఏడుస్తున్నాడు:
నీళ్ల ట్యాంకరులో విషం కలిపారు, క్రైస్తవులే,
పిల్లల్ని బయటికి పంపకండి, ఇది పదిమందికి పంపండి.
వాడి వెనకాల ఒక కోడి కూసింది.
గొంతు మధ్యలో విరిగి, తుప్పు పట్టిన బకెట్ పిడిలా.

అరగంటకి చోలోమ్, చర్చిలో డ్రమ్ము వాయించేవాడు.
అదే ఏడుపు. అదే ట్యాంకరు.
ముస్లింలే, అన్నాడీసారి.
అదే కోడి, అదే చోట విరిగింది.

టంకం వేసిన చోటు నాకు తెలుస్తుంది.
వాడు ఒక్కసారే ఏడ్చాడు,
పేరొక్కటి కోసి
రెండు రకాలుగా అతికాడు.

అప్పటికే వీధి చివర కుర్రాళ్లు టైర్లు దొర్లిస్తున్నారు.
శాంతి గురించి నాకు మాటలు రావు.
దాని గురించి మాట్లాడేవాళ్లు వచ్చి టోపీలు పంచినప్పుడు
టోపీ తీసుకున్నాను, అంతే.
రెండు ఫోన్లనీ పెద్ద స్పీకరుకి తగిలించి
రెండు బొటనవేళ్లతో ఒక్కసారే నొక్కాను.
ఏడుపుమీద ఏడుపు, ఒక్కటే ఏడుపు.
పేర్ల దగ్గర మాత్రం
ఒకదాన్నొకటి తొక్కుకుని ఏదీ అర్థం కాలేదు.
తర్వాత కోడి. ఒక్క కోడి.

తలాటుకి నవ్వొచ్చింది.
పిండి అంటిన చేత్తో నోరు మూసుకుని
"దీనికి జలుబు చేసింది" అంది.
కోడి కూసిందంటే దేవదూత కనిపించినట్టని
వాళ్లమ్మ చెప్పేదట.
చోలోమ్‌కి పేతురు గుర్తొచ్చాడట,
ఎరగనన్న మూడోసారి కూసిన కోడి.
"మళ్లీ పెట్టు" అన్నాడు.
పదకొండుసార్లు పెట్టాను.

టైరు పట్టుకున్న పిల్లాడొకడు అరిచాడు:
"నువ్వే చేసుంటావు! ఫోన్లు నీ చేతిలోనేగా!"
రాయి వచ్చి నా గాజు పలక పగిలింది.
వాడి మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.
విన్నది నమ్మొద్దనీ, చూసింది నమ్మొద్దనీ
పెద్దవాళ్లమే కదా నేర్పాం.

ట్యాంకరు అక్కడే ఉంది, డ్రైవరు పారిపోయాడు.
తలాటు నడుచుకుంటూ వెళ్లి
కుళాయి తిప్పి, మగ్గు నింపి తాగేసింది.
ధైర్యమా, పొయ్యి దగ్గర దాహమా?
అడిగితే చెప్పదు.
చోలోమ్ అదే మగ్గు అందుకున్నాడు.
వాళ్లమ్మ చూస్తోందేమోనని ఒకసారి వెనక్కి తిరిగి
తర్వాత తాగాడు.

ఆ రాత్రి మా వీధిలో టైర్లు కాలలేదు.
పై వీధిలో రెండు కాలాయి.
పలక ఖరీదు చెరి సగం ఇస్తామన్నారిద్దరూ,
ఇంతవరకూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఏ వాయిస్ వచ్చినా ఇక్కడి పిల్లలు
మాట వినే ముందు దాని వెనక్కి చెవి పెడతారు.
జనరేటరా, మేకా, ఎవరింటి తలుపు?

నేను మాత్రం తెల్లవారకముందే లేస్తాను.
ఎక్కడో కోడి కూస్తుంది.
మధ్యలో విరుగుతుందా అని వింటాను.
విరగదు. మళ్లీ పడుకుంటాను.
ఒకనాడు విరుగుతుంది,
అది ఏ పెరట్లోనో బతికే ఉంది కదా.
ఎడమవైపు నుంచో, కుడివైపు నుంచో
ఆ పూట నాకు తెలియకపోతే బాగుండును.