ఇరవై నాలుగు సెంటీమీటర్లు

చలి బాగా ముదిరిన ఏడాది
మా వోర్మ్సి దీవి నుంచి అవతలి ఒడ్డుకి
సముద్రం మీద రోడ్డు పడుతుంది.
మా తమ్ముడు హిల్లార్ డ్రిల్లు భుజానేసుకుని వెళ్లి
మంచుకి కన్నం పొడిచి, కొలిచి,
దారి పొడవునా జునిపర్ కొమ్మలు పాతి వస్తాడు.
ఇరవై రెండు సెంటీమీటర్లుంటే కారు వెళ్లొచ్చు.

ఆ రోడ్డుకి రూళ్లు వేరు.
సీటు బెల్టు పెట్టుకోకూడదు.
మధ్యలో ఆగకూడదు.
ముందు బండికీ నీకూ పావు కిలోమీటరు ఖాళీ వదలాలి.
నాకు లైసెన్సు వచ్చి ముప్పై ఏళ్లు.
వాడితో మాట్లాడడం వచ్చి మూడు.

"ఎప్పుడైనా ఒకసారి రారా" అనేదాన్ని ఫోనులో.
"సరే" అనేవాడు. వచ్చేవాడు కాదు.
నేను అలిగేదాన్ని. అలిగినట్టు వాడికి తెలిసేది కాదు,
దానికి మళ్లీ అలిగేదాన్ని.
'ఎప్పుడైనా' అనే రోజు ఏ క్యాలెండరులోనూ లేదట.
వాడు వెతికాడట.

"చలిగా ఉంది కదూ" అంటే
"మైనస్ పదకొండు" అనేవాడు.
నేనడిగింది కిటికీ మూయమని.

ముప్పై తొమ్మిదో ఏట ఒక డాక్టరమ్మ
ఆటిజం అని కాగితం రాసిచ్చింది.
దాన్ని నాలుగు మడతలు పెట్టి
పడవ ఇంజను మాన్యువల్లో దాచుకున్నాడు.
"ఇన్నాళ్లూ మీరు వేరే మోడల్ మాన్యువల్ చదివారు" అన్నాడు.
వేళాకోళమా, నిజమా?
మొదటిసారి ఊహించుకోకుండా అడిగాను.
"రెండూ" అన్నాడు.

అమ్మ పోయింది ఆ కాగితానికి ముందు.
అవతలి ఒడ్డున, ఆస్పత్రిలో.
ఫెర్రీ చెడిపోయి రేవులో పడి ఉంది.
హెల్యు పిన్ని ఏడుస్తోంది,
బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి,
పాస్టరు గారు ఏదో మెల్లగా చెబుతున్నారు.
తలుపు తోసుకుని వచ్చాడు, గడ్డం నిండా మంచు.
"ఇరవై నాలుగు సెంటీమీటర్లు" అన్నాడు.

"ఇప్పుడా నీ లెక్కలు? గుండె ఉందట్రా నీకు?"
అన్నది నేనే. అందరి ముందూ.
వాడు చేతి తొడుగులు రెండూ బల్ల మీద
అంచుకి అంచు సరిగ్గా చేర్చి పెట్టి
ఒట్టి చేతులతో బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు వ్యాను మంచు మీదుగా వచ్చింది.
అందులో బెల్టుతో కట్టి ఉన్నది అమ్మ ఒక్కతే.
దారి పక్కన యాభై అడుగులకొక కన్నం,
కొత్త మంచు పట్టి, మూతపడుతున్న కళ్లలా.
రాత్రంతా పొడిచాడు.
నేను చూశాను. చూసి కూడా
పని పిచ్చి వీడికి, అనుకున్నాను.
అమ్మ ఇంటికి రావచ్చు, అని చెప్పడానికి
వాడు వాడిన మాట సెంటీమీటర్లని
ఆ దారిలోనే వెళ్తూ తెలుసుకోలేకపోయాను.

మొన్న మెసేజ్ పెట్టాను:
గురువారం. నాలుగింటికి. వంటింటి దీపం బిగించాలి.
నలభై నిమిషాలు. నేనొక్కదాన్నే ఉంటాను. రేడియో కట్టేస్తాను.
డొంకతిరుగుడు లేని మాట రాస్తుంటే
మొదట మొరటుగా అనిపించింది,
తర్వాత బూట్లు విప్పినంత హాయిగా.

నాలుక్కి నాలుగు నిమిషాలుండగా వచ్చి
మెట్టు మీద నిలబడ్డాడు.
తెర చాటు నుంచి చూస్తూ
తలుపు తియ్యకుండా ఉండడం,
అబ్బ, ఎంత కష్టం!

వాడు స్టూలెక్కి బల్బు తిప్పుతుంటే అడిగాను,
"ఆ రోజు నేనన్నదానికి నా మీద కోపం ఉందా?"
మునుపైతే ఆ ఖాళీని నా మాటలతోనే పూడ్చేసేదాన్ని.
పావు కిలోమీటరు వదిలాను.
కాఫీ పొంగింది. పొంగనిచ్చాను.
"ఉండేది" అన్నాడు, "ఆదివారం దాకా."
"ఏ ఆదివారం?"
చెప్పాడు, తేదీతో సహా. ఏడేళ్ల కిందటిది.

నలభై నిమిషాలకి లేచాడు.
గుమ్మంలో, నన్ను కాదు, గొళ్లేన్ని చూస్తూ
"ఇవాళ పద్దెనిమిది" అన్నాడు.
"చాలదుగా?"
"చాలదు. నాలుగు తక్కువ."
తొడుగులు వేసుకున్నాడు, ఒకటి, ఆగి, రెండోది.
"రాత్రికి ఇంకా చలి పెరుగుతుంది" అన్నాడు.
ఈసారి అది నాకు శుభవార్తలాగే వినిపించింది.
అవునో కాదో, గురువారం అడుగుతాను.