తువాలు కింద వేళ్ళు

రేపు పదకొండింటికి బెజవాడలో
నాగుల్ మీరాకి ధర కడతారు.

బందరు రోడ్డులో ఏదో హోటలు, మూడో అంతస్తు,
మధ్యవర్తిగా రిటైరైన జడ్జిగారొకరు.
ఒక పక్క క్లబ్బు వాళ్ళు, ఇంకో పక్క కుర్రాడు, వాడి లాయరు.
నాకేం సంబంధం?
గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్ళుగా
షావుకారికి సరుకు చూసిపెట్టే గుమస్తాని.
హాకీ కర్ర చివరిసారి పట్టుకున్నది
పోలీసు పెరేడ్ గ్రౌండులో, మోకాలు పోయిన రోజున.

అయినా నిద్ర పట్టడం లేదు.

నేను చేరిన కొత్తల్లో బేరం తువాలు కింద జరిగేది.
చేతిలో చెయ్యి, మీద గుడ్డ,
వేళ్ళు మాట్లాడుకునేవి, నోళ్ళు వక్క నములుతుండేవి.
ఎంతకి తెగిందో పక్కవాడికి తెలిసేది కాదు.
రైతు పరువు ఆ గుడ్డ కింద కాస్త తలదాచుకునేది.
రేపు అలాక్కాదట.
వాడి ఎదుటే, వాడు వింటుండగానే,
ఇన్నాళ్ళూ వాడి బొమ్మ గోడలకి అంటించిన క్లబ్బే
వాడికి వంకలు పెట్టాలట.
అదీ పద్ధతి.

వంకలు పెట్టడం నాకు తెలుసు.
టిక్కీలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసి
"నెమ్ముందయ్యా" అనడం తెలుసు.
కళ్ళు మండేంత ఎర్రటి తేజాలో
రెండే రెండు తాలుకాయలు ఏరి
అరచేతిలో పెట్టి అందరికీ చూపించడం తెలుసు.
అదే సరుకు సాయంత్రానికి మా షావుకారు నోట
ఫస్టు క్వాలిటీ అయిపోవడమూ తెలుసు.

వాడిలోనూ తాలు ఉంది, కాదనను.
రివర్స్ స్టిక్కు తడబడుతుంది.
నాలుగో క్వార్టర్లో ఊపిరి తగ్గుతుంది.
అక్టోబరులో ఆ పెనాల్టీ కార్నరు... సరే, నేనూ మర్చిపోలేదు.
తిట్టాను కూడా, టీ కొట్టు దగ్గర, గట్టిగా.
కానీ నేను తిట్టడం వేరు.
నేను టిక్కెట్టు కొనుక్కుని తిట్టాను.

సంగడిగుంట సందులో వాళ్ళ నాన్న పంక్చర్ల షాపు.
పాత ట్యూబు ముక్కలు కర్రకి చుట్టుకుని
వాడు గోడకేసి బంతి కొడుతుంటే
ఎదురింటి కోటమ్మ గిన్నెలు లోపల పెట్టేసుకునేది.
పదమూడేళ్ళుంటాయేమో.
టైర్లో గాలి బాగానే ఉన్నా
సైకిలు ఆపాను నేను.

ఎక్కువ అడిగాడంటున్నారు.
అంతా ఇస్తే డబ్బు చాలక గోల్‌కీపర్ని వదిలేసుకుంటారట.
తగ్గిస్తే వచ్చే ఏడు వీడే ఇంకో ఊరి చొక్కా వేస్తాడట.
రాత్రి చిట్టా పుస్తకం వెనక లెక్కేశాను, మూడుసార్లు.
నా జీతం కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా లెక్కెయ్యలేదు.
"ఆ పిల్లాడికి నువ్వెవరో తెలుసా?" అంది సుగుణ.
తెలీదు.

అంకె కాదు నా భయం.
పోయిన మార్చిలో నకరికల్లు రైతొకడు
నేను ఎత్తి చూపిన తాలుకాయని
నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు.
ఒక్క మాట అనలేదు. రేటుకి ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాడు.
మళ్ళీ మా వైపు రాలేదు.

రేపు ఆ గదిలో వాళ్ళు చూపించిందేదీ
నాగుల్ మీరా జేబులో వేసుకోకుండా ఉంటే చాలు.
హాకీ నిక్కరుకి జేబులుండవు, తెలుసు.
అయినా.

తెల్లారింది. యార్డు గేటు తీశారు.
మొదటి టిక్కీ విప్పగానే ఘాటుకి అందరం తుమ్మాం.
చెయ్యి దూర్చి గుప్పెడు తీశాను.
"బావుంది" అన్నాను, పైకే.
షావుకారు నావైపు చూశాడు.